అసలు కదలని సొమ్ము: విశ్వవిద్యాలయాల శాశ్వత నిధులు ఎవరివి, ఎవరి కోసం?

విశ్వవిద్యాలయం అనగానే మనం సీట్ల గురించి మాట్లాడతాం. హాస్టళ్ల గురించి, రోస్టర్ గురించి, బ్యాక్‌లాగ్ పోస్టుల గురించి కొట్లాడతాం. అవన్నీ కొట్లాడాల్సినవే. కాని ఆ విశ్వవిద్యాలయం ఏ డబ్బు మీద నిలబడి ఉంది, ఆ డబ్బు మొదట ఎక్కడి నుంచి వచ్చింది, దాని మీద ఎవరి పెత్తనం నడుస్తుంది అని అడగడం మనకింకా అలవాటు కాలేదు. అవి ఫైనాన్స్ ఆఫీసరు గదిలో ఉండే విషయాలని ఒక జంకు మనలో ఉంది. మొదటి తరం చదువుకున్నవాళ్లం కాబట్టి ఆ జంకు ఎక్కడ పుట్టిందో మాకు తెలుసు. షావుకారి పద్దు పుస్తకం మన తాతలు చదవలేకపోయారు. అందులో వాడు ఏం రాస్తే అదే అప్పయింది. విశ్వవిద్యాలయం పద్దు పుస్తకం దగ్గర కూడా మనం అట్లాగే చేతులు కట్టుకొని నిలబడాల్సిన పని లేదు.

ఇప్పుడే ఈ మాట ఎందుకంటే, ఈ కొన్నేళ్లుగా మన దేశంలో ఎండోమెంట్ ఫండ్ అనే మాట ఎక్కువ వినిపిస్తోంది. ప్రభుత్వం మీద ఆధారపడకండి, అమెరికా విశ్వవిద్యాలయాల లాగా దాతల దగ్గర, పూర్వ విద్యార్థుల దగ్గర నిధి కూడబెట్టుకోండి అని విద్యా సంస్థలకు చెప్తున్నారు. వినడానికి బాగానే ఉంది. అయితే ఆ అమెరికా నిధులు ఎట్లా పుట్టాయి, ఎట్లా పనిచేస్తాయి, తాతల ఆస్తి లేని వాళ్లకు వాటివల్ల ఏం జరిగింది అనే సంగతులు తెలియకుండా ఈ సలహా మంచిదో చెడ్డదో తేల్చలేం. ఆ పని కోసమే ఈ వ్యాసం.

మాన్యం మనకు తెలిసిందే

ఎండోమెంట్ అనే మాట మన ఊళ్లకు కొత్తది కాదు. దేవాదాయ ధర్మాదాయ శాఖను జనం ఎండోమెంట్ వాళ్లు అనే అంటారు. గుడికి రాజో జమీందారో భూమి రాసిస్తాడు. ఆ భూమిని పూజారి అమ్ముకోకూడదు. దాని మీద వచ్చే పంటతో, కౌలుతో దీపం వెలగాలి, నైవేద్యం జరగాలి. ఇచ్చినవాడు పోయి వందేళ్లయినా అతని మాట ఆ భూమి మీద నడుస్తూనే ఉంటుంది. విశ్వవిద్యాలయ ఎండోమెంట్ కూడా సరిగ్గా ఇదే. భూమి బదులు డబ్బు, దీపం బదులు ప్రొఫెసర్ జీతమో, విద్యార్థి ఫీజో, లైబ్రరీ పుస్తకాలో ఉంటాయి. అసలు ముట్టుకోరు. దాని మీద వచ్చే ఆదాయమే ఖర్చు పెడతారు. ఆ ఖర్చు కూడా ఇచ్చినవాడు రాసిన షరతు ప్రకారమే పెడతారు. ఈ మూడు ముక్కలు గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

మన వాడలకు కూడా ఒకప్పుడు మాన్యాలు ఉండేవి. వెట్టి మాన్యం, నీరడి మాన్యం, తలారి మాన్యం అని ఊరి చాకిరీ చేసే మాల మాదిగలకు చిన్న చిన్న చెక్కలు ఇచ్చారు. కాని తేడా చూడండి. అగ్రహారం మీద షరతు ఆ ఇంటివాళ్లు వేదం చదువుకోవడం. మన చెక్క మీద షరతు మనం వెట్టి చెయ్యడం. చాకిరీ ఆపితే భూమి పోయేది. రెండూ మాన్యాలే. ఒకటి తరతరాలకు తీరికను, చదువును ఇచ్చింది. ఇంకొకటి తరతరాలకు చాకిరీని ఖాయం చేసింది. కాబట్టి ఎంత ఇచ్చారు అనేదానికంటే ఏ షరతు మీద ఇచ్చారు అనేది మనకు ముఖ్యం.

లెక్క ఎట్లా నడుస్తుంది

ఒక చిన్న లెక్క చూద్దాం. ఒకాయన విశ్వవిద్యాలయానికి కోటి రూపాయలిచ్చి, దీని ఆదాయంతో ఏటా పేద విద్యార్థుల మెస్ బిల్లు కట్టండి అన్నాడనుకుందాం. ఆ డబ్బును బాండ్లలో, షేర్లలో పెట్టారు. ఏడాదికి సగటున 10 లక్షలు వస్తోంది. ఆ 10 లక్షలూ ఖర్చు పెడితే కోటి కోటిగానే ఉంటుంది కదా అనిపిస్తుంది. కాగితం మీద ఉంటుంది. కాని ధరలు ఏటా 6 శాతం పెరిగితే సుమారు 12 ఏళ్లలో ఆ కోటి విలువ సగానికి పడిపోతుంది. మొదట వంద మందికి అన్నం పెట్టిన సొమ్ము అప్పుడు యాభై మందికే సరిపోతుంది.

అందుకని 10 లక్షల్లో 4 లక్షలు ఖర్చు పెట్టి, 6 లక్షలు మళ్లీ అసలులో కలుపుతారు. వచ్చే ఏడు అసలు కోటీ 6 లక్షలు. అందులో 4 శాతం అంటే 4 లక్షల 24 వేలు. ధరలు పెరిగినంత మేరకు ఖర్చుకు వచ్చే డబ్బూ పెరుగుతుంది. విత్తనపు వడ్లు తీసి పక్కన పెట్టాకే తిండిగింజలు దంచుకునే రైతు ఇంటి పద్ధతే ఇది. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు ఏటా నిధిలో 4 నుంచి 5 శాతం మాత్రమే వాడతాయి. మార్కెట్ ఒక ఏడు ఎగిరి ఇంకో ఏడు పడుతుంది కాబట్టి, ఒక్క ఏడాది విలువను కాకుండా కొన్నేళ్ల సగటు తీసి దాని మీద లెక్క కడతాయి.

పెద్ద ఉదాహరణ హార్వర్డ్. 2024 జూన్ నెలాఖరుకు దాని నిధి 5,320 కోట్ల డాలర్లు. ఆ ఏడాది అందులోంచి విశ్వవిద్యాలయం ఖర్చులకు వచ్చింది సుమారు 240 కోట్ల డాలర్లు. హార్వర్డ్ మొత్తం ఆదాయంలో ఇది 37 శాతం. విద్యార్థుల ఫీజుల కంటే ఇదే ఎక్కువ. ఈ సొమ్మును తిప్పడానికి 1974లోనే హార్వర్డ్ మేనేజ్‌మెంట్ కంపెనీ అని ఒక ప్రత్యేక సంస్థను పెట్టుకున్నారు. షేర్లు, బాండ్లు, కంపెనీల్లో వాటాలు, అడవులు, సాగు భూములు అన్నీ కొంటుంది, అమ్ముతుంది.

దీనివల్ల ఏం ఒరుగుతుంది అంటే, చాలా ఒరుగుతుంది. 2025-26 విద్యా సంవత్సరం నుంచి ఏడాదికి 2 లక్షల డాలర్ల లోపు ఆదాయం ఉన్న ఇంటి పిల్లలకు డిగ్రీ చదువులో ట్యూషన్ ఫీజు ఉండదని, లక్ష డాలర్ల లోపు ఉంటే తిండి, బస కూడా ఉచితమని హార్వర్డ్ ప్రకటించింది. నిధి ఉన్న సంస్థ ఏటా ఎవరి దగ్గరా చెయ్యి చాచక్కర్లేదు. ఇరవై ఏళ్ల తరువాత ఫలితమిచ్చే పరిశోధనను ఈ రోజే మొదలు పెట్టగలదు. అయితే ఆ గేటు లోపలికి ఎవరు పోతున్నారన్నది వేరే ప్రశ్న. రాజ్ చెట్టీ, తోటి ఆర్థికవేత్తలు 2023లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, పరీక్షలో ఒకే మార్కులు వచ్చినా, హార్వర్డ్ తరహా సంస్థల్లో అత్యంత ధనికులైన ఒక శాతం ఇళ్ల పిల్లలకు సీటు వచ్చే అవకాశం మధ్యతరగతి పిల్లల కంటే రెండింతలకు పైగా ఉంది. పూర్వ విద్యార్థుల పిల్లలకు ఇచ్చే ప్రాధాన్యం అందుకు ముఖ్య కారణాల్లో ఒకటి. మన దగ్గర రిజర్వేషన్ అంటే మెరిట్ పోయిందని గుండెలు బాదుకునేవాళ్లు ఈ తాతల కోటా గురించి మాట్లాడగా మేం వినలేదు.

షరతుల మూటలు

5,320 కోట్ల డాలర్లు అనగానే అదొక పెద్ద హుండీ, కావలసినప్పుడు తీసుకోవచ్చు అనుకుంటాం. అట్లా కాదు. అది 14 వేలకు పైగా వేరువేరు నిధుల మూట. ఒకటి ఖగోళ శాస్త్రానికి, ఒకటి ఒక పుస్తకాల గదికి, ఇంకోటి ఒక ప్రొఫెసర్ పదవికి. అందులో దాదాపు 80 శాతం సొమ్ము ఇట్లా ఏదో ఒక షరతుకు కట్టుబడి ఉంది. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ ప్రభుత్వం హార్వర్డ్‌కు రావాల్సిన 220 కోట్ల డాలర్ల పరిశోధన గ్రాంట్లను ఆపేసినప్పుడు, అంత నిధి పెట్టుకొని ఏడుపెందుకు అని చాలామంది అడిగారు. ఖగోళ శాస్త్రానికి రాసిచ్చిన సొమ్ముతో క్యాన్సర్ పరిశోధకుడికి జీతం ఇవ్వడం కుదరదు, అదీ జవాబు. ఆ ఏడు సెప్టెంబరులో ఫెడరల్ కోర్టు ఆ నిలుపుదల చట్ట విరుద్ధమని తీర్పు చెప్పింది. ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. ప్రభుత్వం మీద కోర్టుకెక్కి నిలబడే ధైర్యం హార్వర్డ్‌కు వచ్చిందంటే, దాని వెనక ఆ నిధి ఉంది.

నిధి అంటే నష్టం లేదనీ కాదు. 2008 ఆర్థిక సంక్షోభంలో హార్వర్డ్ నిధి ఒక్క ఏడాదిలో 3,690 కోట్ల డాలర్ల నుంచి 2,600 కోట్లకు పడిపోయింది. కడుతున్న సైన్స్ భవనం పని ఆగిపోయింది. 2009లో 275 మంది సిబ్బందిని తీసేశారు. జూదం ఆడింది పైవాళ్లు, పని పోయింది కిందివాళ్లకు.

ఈ షరతుల వ్యవహారం మన క్యాంపస్‌లలో చిన్న రూపంలో ఉంది. కాన్వకేషన్ రోజు ఫలానా వారి స్మారక బంగారు పతకం అని ఇస్తారు. ఏడాదికొకసారి ఫలానా వారి స్మారకోపన్యాసం అని పెడతారు. అవన్నీ ఎండోమెంట్లే. ఎవరో డబ్బు డిపాజిట్ చేస్తారు, వడ్డీతో పతకం చేయిస్తారు. ఆ పేర్లు ఒకసారి వరసగా రాసి చూడండి. ఏ ఇంటి పేర్లు ఎన్నున్నాయో, మన వాడల పేర్లు ఎన్నున్నాయో లెక్క మీకే తేలుతుంది.

విత్తనం ఎక్కడిది?

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ అసలు మొదట ఎక్కడిది?

యేల్ విశ్వవిద్యాలయం కథ మన తీరం నుంచే మొదలవుతుంది. ఎలిహూ యేల్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. 1687 నుంచి 1692 దాకా మద్రాసు సెయింట్ జార్జి కోటకు గవర్నరు. అవినీతి ఆరోపణల మీద ఆ పదవి పోయింది. బట్టల వ్యాపారం, వజ్రాల వ్యాపారం చేసి విపరీతంగా సంపాదించాడు. ఆ రోజుల్లో మద్రాసు రేవుకు వచ్చే వజ్రాలు గోల్కొండ రాజ్యపు గనులవి. ఆ గనుల్లో పెద్దది కృష్ణ ఒడ్డున కొల్లూరు. 17వ శతాబ్దంలో అక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, ఆ గనిలో మగవాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు కలిపి 60 వేల మంది పని చేస్తున్నారని రాశాడు. ఇంకొకటి కూడా ఉంది. 1680లలో మద్రాసు నుంచి మనుషులను బానిసలుగా ఓడలెక్కించిన వ్యాపారంలో కోట కౌన్సిల్ సభ్యుడిగా, గవర్నరుగా యేల్‌కు పాత్ర ఉంది.

1718లో ఆయన అమెరికాలోని ఒక చిన్న కాలేజీకి తొమ్మిది బేళ్ల సరుకు, 417 పుస్తకాలు, రాజుగారి పటం ఒకటి పంపించాడు. ఆ సరుకు అమ్మితే సుమారు 560 పౌండ్లు వచ్చాయి. అంతకే కాలేజీకి ఆయన పేరు పెట్టారు. ఈ రోజు ఆ యేల్ నిధి 4,000 కోట్ల డాలర్లకు పైనే. అదంతా ఆ తొమ్మిది బేళ్ల నుంచే పెరిగిందని మేం అనడం లేదు. మూడు వందల ఏళ్లలో ఎందరో ఇచ్చారు. కాని పేరు మాత్రం ఆయనది నిలిచింది. గనిలో దిగినవాళ్ల పేర్లు, మగ్గం మీద కూర్చున్నవాళ్ల పేర్లు, ఓడ ఎక్కించబడ్డవాళ్ల పేర్లు ఏ భవనం మీదా లేవు. తమ తొలి నాయకులకు బానిసత్వంతో ఉన్న సంబంధానికి యేల్ విశ్వవిద్యాలయం 2024 ఫిబ్రవరిలో అధికారికంగా క్షమాపణ చెప్పింది.

జార్జ్‌టౌన్ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. 1838లో మేరీలాండ్ జెసూట్ ఫాదరీలు తమ తోటల్లో బానిసలుగా ఉన్న 272 మంది నల్లజాతి మనుషులను లూసియానాకు 1,15,000 డాలర్లకు అమ్మారు. అందులో కొంత సొమ్ము జార్జ్‌టౌన్ కాలేజీ అప్పులు తీర్చడానికి పోయింది. చంటి పిల్లల్ని కూడా అమ్మిన డబ్బుతో చదువుల గుడి నిలబడింది. 2019లో అక్కడి విద్యార్థులు ఓటింగు పెట్టుకున్నారు. ఒక్కొక్కరు సెమిస్టరుకు 27 డాలర్ల 20 సెంట్లు కట్టి, ఆ 272 మంది వారసుల కోసం నిధి పెట్టాలని తీర్మానించారు. యాజమాన్యం ఆ ఫీజును ఒప్పుకోలేదు గాని, ఏటా 4 లక్షల డాలర్లు విరాళాలుగా సమీకరిస్తామని చెప్పాల్సి వచ్చింది.

మూడోది భూమి. 1862లో అమెరికా కాంగ్రెసు మోరిల్ చట్టం చేసింది. వ్యవసాయం, ఇంజనీరింగ్ నేర్పే కాలేజీలు పెట్టుకోమని రాష్ట్రాలకు ప్రభుత్వ భూములు ఇచ్చింది. ఆ భూములు అమ్మి శాశ్వత నిధి పెట్టాలి, అసలు తరగకుండా వడ్డీ మాత్రమే వాడాలి అని చట్టంలోనే రాసింది. ఇట్లా పంచిన భూమి కోటీ 7 లక్షల ఎకరాలు. ప్రభుత్వ భూములు అన్న మాట వెనక ఉన్నది అక్కడి ఆదివాసీ జాతుల నుంచి ఒప్పందాల పేరుతో, తుపాకుల పేరుతో గుంజుకున్న నేల. ఒక్క కార్నెల్ విశ్వవిద్యాలయం వాటాకే దాదాపు 9 లక్షల 90 వేల ఎకరాలు వచ్చాయి.

మన దగ్గర కూడా ఇంతకంటే భిన్నంగా ఏం జరగలేదు. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి జైపూర్ మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయల చొప్పున ఇచ్చారు. ఆయన పేరు మీద అక్కడ సైన్స్ కళాశాల ఉంది. ఆయన దాతృత్వాన్ని మేం తక్కువ చెయ్యడం లేదు. కాని జైపూర్ జమీందారీ అంటే కోరాపుట్ కొండలు. ఆ లక్షలో అక్కడి ఆదివాసీ రైతు కట్టిన శిస్తు ఉంది. హైదరాబాదులో ఉస్మానియా పుట్టిన 1918లోనే రాజా బహదూర్ వెంకటరామిరెడ్డి చొరవతో రెడ్డి హాస్టల్ మొదలైంది. ఊళ్ల నుంచి పట్నానికి వచ్చిన భూస్వాముల పిల్లలకు అది నీడ అయింది, సంబంధాలు కలిపింది, నాయకుల్ని తయారు చేసింది. దాన్ని నిలబెట్టింది భూమి మీద మిగిలిన సొమ్ము. ఆ భూమి మీద పని చేసింది ఎవరో చెప్పక్కర్లేదు. అదే హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ ఆది హిందువుల పిల్లల కోసం పాతిక దాకా బడులు నడిపాడు. ఆ బడుల వెనక ఏ జాగీరూ లేదు, ఏ అగ్రహారమూ లేదు.

విత్తనం దక్కనివాళ్లు

అమెరికాలో నల్లజాతి వాళ్ల కోసం వచ్చిన విశ్వవిద్యాలయాల్లో పేరున్నది హోవర్డ్. 1867లో పెట్టారు. దాని నిధి సుమారు 100 కోట్ల డాలర్లు. నల్లజాతి విశ్వవిద్యాలయాల్లో అదే అందరికంటే ఎక్కువ. హార్వర్డ్ పక్కన పెడితే యాభయ్యో వంతు. హోవర్డ్‌లో చదివినవాళ్లకు దానగుణం తక్కువై ఇట్లా కాలేదు. వాళ్ల తాతలు ఆస్తి ఉన్నవాళ్లు కాదు. వాళ్లే ఇంకొకరి ఆస్తిగా లెక్కలో ఉన్నవాళ్లు. ప్రభుత్వాలు కూడా సమంగా ఇవ్వలేదు. 1890లో వచ్చిన రెండో మోరిల్ చట్టం కింద నల్లజాతి కాలేజీలు ఏర్పడ్డాయి. 16 రాష్ట్రాలు మూడు దశాబ్దాల్లో ఈ సంస్థలకు 1,200 కోట్ల డాలర్లకు పైగా తక్కువ ఇచ్చాయని 2023లో అమెరికా ప్రభుత్వమే ఆ రాష్ట్రాల గవర్నర్లకు ఉత్తరాలు రాసింది. ఎండోమెంట్ అంటే గతం వడ్డీతో సహా వర్తమానంలోకి రావడం. గతంలో దోపిడీ చేసినవాడికి వడ్డీ వస్తుంది. దోపిడీకి గురైనవాడికి ఆ గైర్హాజరీ కూడా వడ్డీతో సహా పెరుగుతుంది.

శాశ్వత నిధికీ ఏటేటా దయకూ తేడా ఏమిటో బాబాసాహెబ్ జీవితమే చెప్తుంది. 1913లో ఆయన కొలంబియాకు వెళ్లింది బరోడా మహారాజా ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్లు. దానికి షరతు, తిరిగి వచ్చి పదేళ్లు బరోడా సంస్థానంలో ఉద్యోగం చెయ్యాలి. లండన్‌లో చదువు నడుస్తుండగా 1917లో ఆ స్కాలర్‌షిప్ గడువు ముగిసింది. చదువు మధ్యలో వదిలి రావాల్సి వచ్చింది. బరోడాలో ఉద్యోగం దొరికింది గాని ఉండటానికి ఇల్లు దొరకలేదు. మళ్లీ లండన్ వెళ్లడానికి 1920 దాకా పట్టింది. ఆయన అంతటి మేధావి చదువును కూడా ఒక గడువు తేదీ ఆపగలిగింది. దీన్ని ఆయన మరిచిపోలేదు. వైస్రాయి కౌన్సిల్‌లో సభ్యుడిగా ఉన్న కాలంలోనే 1944లో షెడ్యూల్డ్ కులాలకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టారు. 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిచారు. ఒకటి ప్రభుత్వం మీద హక్కు, ఇంకొకటి మనదైన సంస్థ. రెండూ కావాలని ఆయన చేతలే చెప్తున్నాయి.

తాళంచెవి ఎవరి దగ్గర?

నిధి ఎందుకు ముఖ్యమో అనడానికి ఇంకో కారణం ఉంది. ఆ సొమ్ము గల్లాపెట్టెలో పడి ఉండదు, లోకం మీద పని చేస్తుంటుంది. ఏ కంపెనీ షేర్లు కొన్నారో ఆ కంపెనీ చేసే పనిలో విశ్వవిద్యాలయానికి వాటా ఉంటుంది. హార్వర్డ్ నిధి బ్రెజిల్‌లో సాగు భూములు కొన్నది. అక్కడి స్థానిక ప్రజలతో భూమి తగాదాలు వచ్చాయి. వర్ణవివక్ష పాలన నడిచిన రోజుల్లో దక్షిణాఫ్రికాలో వ్యాపారం చేసే కంపెనీల్లో అమెరికా విశ్వవిద్యాలయాల డబ్బు ఉండేది. పాఠంలో సమానత్వం, పెట్టుబడిలో వర్ణవివక్ష.

దాన్ని మార్చింది విద్యార్థులే. బాబాసాహెబ్ చదివిన కొలంబియాలోనే 1985 ఏప్రిల్‌లో విద్యార్థులు హామిల్టన్ హాల్ తలుపులకు గొలుసులు వేసి మూడు వారాలు కూర్చున్నారు. ఆ ఏడు అక్టోబరులో ట్రస్టీలు దక్షిణాఫ్రికాతో వ్యాపారమున్న కంపెనీల నుంచి పెట్టుబడి వెనక్కి తీయడానికి ఒప్పుకున్నారు. 1986లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 300 కోట్ల డాలర్లకు పైగా పెట్టుబడిని ఉపసంహరించాలని నిర్ణయించింది. వాళ్లు ముందు చేసిన పని నినాదం కాదు. మన విశ్వవిద్యాలయం డబ్బు ఏ కంపెనీల్లో ఉందో జాబితా తీశారు. ఆ జాబితా చేతిలో పట్టుకొని నినాదమిచ్చారు.

మన ముందున్న ప్రమాదం

ఇక మన సంగతి. ఐఐటీ ఢిల్లీ 2019లో ఎండోమెంట్ ఫండ్ ప్రారంభించింది. 2023లో నందన్ నీలేకని ఐఐటీ బొంబాయికి 315 కోట్ల రూపాయలు ఇచ్చారు. ఇచ్చినవాళ్లను తప్పు పట్టడానికి ఏం లేదు. కాని ఈ పద్ధతే దారి అని అందరికీ చెప్పేముందు ఒక లెక్క చూడాలి. మొదటి ఐఐటీ 1951లో వచ్చింది. షెడ్యూల్డ్ కులాలకు, తెగలకు అక్కడ రిజర్వేషన్ 1973లో వచ్చింది. వెనుకబడిన తరగతులకు 2008లో వచ్చింది. ప్రజల పన్నుతో నడిచిన ఆ చదువులో మొదటి 22 ఏళ్లు మనకు వాటా లేదు. పూర్వ విద్యార్థుల సంపద మీద నిధి కట్టడమంటే ఆ 22 ఏళ్ల గైర్హాజరీని కూడా పునాదిలో కలిపి కట్టడమే.

ఇటు మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలు చూడండి. వాడల నుంచి, తండాల నుంచి వచ్చిన పిల్లలు ఎక్కువగా చదివేది వీటిలోనే. ఇక్కడ చదివి ఉద్యోగం వచ్చినవాడి మొదటి జీతం తండ్రి అప్పుకు, రెండోది చెల్లె పెండ్లికి, ఆ తరువాత ఇంటి పైకప్పుకు పోతుంది. అటువంటి పూర్వ విద్యార్థి మీద నిధి కట్టుకోండి అని చెప్పి ప్రభుత్వం గ్రాంటు తగ్గిస్తే, ఆ విశ్వవిద్యాలయం చేసేది ఒకటే పని, ఫీజు పెంచడం. 2017లో కేంద్రం పెట్టిన ఉన్నత విద్య ఫైనాన్సింగ్ ఏజెన్సీ, అంటే హెఫా, ఇచ్చేది గ్రాంటు కాదు, అప్పు. వడ్డీ ప్రభుత్వం కట్టినా, అసలు తీర్చే భారం పూర్తిగానో కొంతగానో సంస్థ సొంత ఆదాయం మీద పడుతుంది. అది తిరిగి తిరిగి విద్యార్థి జేబు దగ్గరికే వస్తుంది.

మనకు ఇప్పటిదాకా ఉన్న మాన్యం ఒకటే, ప్రభుత్వ స్కాలర్‌షిప్. అది కూడా ఏటేటా బడ్జెట్ దయ మీద నడిచేది. కేంద్రం తన వాటా తగ్గించుకుంటూ పోతే రాష్ట్రాలు బకాయిలు పెడుతూ పోయాయి. ఫీజు రాలేదని కాలేజీలు సర్టిఫికెట్లు ఆపుకున్నాయి. మా తోటివాళ్లు అట్లా ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం అయిదేళ్లకు 59 వేల కోట్ల రూపాయలతో, కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం చొప్పున పోస్ట్ మెట్రిక్ పథకాన్ని సవరించింది. ఆందోళనల వల్లనే అదైనా వచ్చింది. సబ్‌ప్లాన్ కోసం సుదీర్ఘంగా పోరాడితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో చట్టం వచ్చింది. మార్చి 31 దాటితే ఖర్చు కాని సొమ్ము మురిగిపోయే జబ్బు మాత్రం పోలేదు. అందుకే 2017 తెలంగాణ చట్టంలో మిగిలిన సొమ్మును మరుసటి ఏడాదికి బదిలీ చెయ్యాలని రాయించుకోవాల్సి వచ్చింది. గుడి దీపానికి మార్చి 31 గండం లేదు. మన పిల్లల చదువుకే ఉంది.

ఏం అడగాలి?

మొదటిది, ఎండోమెంట్ పేరుతో ప్రభుత్వం బాధ్యత నుంచి తప్పుకోవడాన్ని ఒప్పుకోకూడదు. తాతల ఆస్తి లేనివాళ్లకు ప్రభుత్వ ఖజానాయే ఎండోమెంట్. మన తాతల చాకిరీ కూడా ఆ ఖజానాలోనే ఉంది. అది దానం కాదు, వాటా.

రెండోది, స్కాలర్‌షిప్‌కు శాశ్వత నిధి అడగాలి. సబ్‌ప్లాన్‌లో ఏటా ఖర్చు కాక మిగిలే సొమ్మును చట్టబద్ధమైన విద్యా నిధిలో వేసి, అసలు ముట్టుకోకుండా, బకాయి పడ్డ నెలల్లో దాని ఆదాయంతో విద్యార్థికి చెల్లించవచ్చు. ఇది గ్రాంటుకు బదులు కాదు, గ్రాంటుకు అండ. షరతు ఏం రాయాలి, ట్రస్టీలుగా ఎవరుండాలి అనేది మనమే రాయాలి.

మూడోది, ఇప్పుడున్న నిధుల లెక్క తీయాలి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలో ఉంది. ప్రతి విశ్వవిద్యాలయంలో విద్యార్థి సంఘాలు ఒక కాగితం పెట్టి ఇవి అడగవచ్చు: ఎన్ని ఎండోమెంట్లు ఉన్నాయి, ఎవరిచ్చారు, ఏ షరతు మీద ఇచ్చారు, డబ్బు ఎక్కడ దాచారు, గత పదేళ్లలో ఎవరికి అందింది, నిర్ణయించే కమిటీలో ఎస్సీ ఎస్టీ సభ్యులెందరు. భూములెన్ని ఉండేవి, ఎన్ని ఆక్రమణలో ఉన్నాయి అని కూడా అడగాలి. మన విశ్వవిద్యాలయాలకు నిజమైన ఆస్తి ఆ భూములే.

నాలుగోది, మన ఉద్యోగులు, మన అధ్యాపకులు చిన్నగానైనా సొంత నిధులు మొదలుపెట్టాలి. ఒక కులం కోసమే పెట్టిన ట్రస్టులకు పన్ను మినహాయింపు లేదని చెప్పిన ఆదాయపు పన్ను చట్టంలోనే, షెడ్యూల్డ్ కులాలు, తెగలు, వెనుకబడిన తరగతుల కోసం పెట్టినవాటిని అట్లా లెక్కించకూడదని రాసి ఉంది. మాకిది తెలియదే అని మన ఉద్యోగ సంఘాల పెద్దలు చాలామంది అన్నారు. వంద మంది ఉద్యోగులు తలా పదివేలు వేస్తే పది లక్షలు. దాని మీద ఏటా 40 వేలు ఖర్చు పెట్టుకోవచ్చు. పెద్ద మొత్తమేం కాదు. కాని ఇద్దరు పిల్లలు ఎంట్రన్స్ ఫీజు లేక, కౌన్సెలింగ్‌కు పోయే చార్జీలు లేక ఆగిపోకుండా ఉండటానికి సరిపోతుంది. పైగా అది వచ్చే ఏడూ ఉంటుంది, మనం పోయిన తరువాతా ఉంటుంది.

ఈ నాలుగింటిలో మూడోది రేపు పొద్దున మొదలు పెట్టగలిగిన పని. మీ విశ్వవిద్యాలయంలో తేలిన లెక్కలు మాకు రాయండి. అన్నీ ఒకచోట పెట్టి చూస్తే, తెలుగు నేల మీద చదువుల మాన్యాలు ఎవరి పేరున ఉన్నాయో మొదటిసారి మనకు తెలుస్తుంది.